మూతపడ్డ మిల్లు తాళం తీసే ముందు

మీ ఊరి చివర బూజు పట్టిన రైసు మిల్లు ఒకటి ఉండే ఉంటుంది. పడగొట్టి ప్లాట్లు వేద్దామనేవాళ్ళు ఎలాగూ వస్తారు. వరంగల్ ఆజంజాహి మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది, చివరికి ఆ స్థలం ప్లాట్ల పాలైంది. అలా కాకుండా మీ మిల్లుని ఊరందరికీ పనికొచ్చే చోటుగా మార్చాలనుకుంటే మొదటి పని ప్లాన్ గీయించడం కాదు. ఓ వారం పాటు పొద్దునోసారి, సాయంత్రమోసారి వెళ్ళి, అక్కడ ఇప్పటికే ఎవరు ఏం చేసుకుంటున్నారో చూడండి.

బ్రెజిల్‌లోని సావో పాలోలో ఒక పాత డ్రమ్ముల ఫ్యాక్టరీ ఉండేది. లీనా బో బార్డి అనే ఆర్కిటెక్ట్ 1970ల్లో దాన్ని చూడ్డానికి వెళ్తే మొదటిసారి ఖాళీ షెడ్లు కనిపించాయి, ఇంకోసారి శనివారం వెళ్తే పిల్లలు బంతాట ఆడుతున్నారు, పెద్దవాళ్ళు వంటలు చేసుకుంటున్నారు. ఆ సందడి పోకూడదని షెడ్లు అలాగే ఉంచి, అడ్డుగోడలు తీయించి, తన ఆఫీసు కూడా అక్కడే పెట్టుకుని పని చేయించింది. లైబ్రరీ, చేతిపనుల గదులు, క్యాంటీన్‌తో 1982లో తెరిచారు. సెస్క్ పోంపేయా పేరుతో ఇప్పటికీ జనంతో కళకళలాడుతోంది.

మన మిల్లులో అసలు ఆస్తి ధాన్యం ఆరబోసిన గచ్చు. సంతకీ, పెళ్ళికీ, పిల్లల ఆటకీ అదే చాలు, దాని మీద కొత్తగా ఏమీ కట్టకండి.

కాగితాలు మాత్రం బోర్ కొట్టినా వదలొద్దు. ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి బ్యాంకు తనఖా ఉందేమో చూడండి, పాత కరెంటు బకాయి ఎంతో విచారించండి, లేకపోతే అది మీ నెత్తిన పడొచ్చు. తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, సుత్తితో పగలగొడితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి తెలిసినవాళ్ళ చేతే తడిపి, ముక్కలు కాకుండా దింపించాలి. ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్ల గోతులు ఎక్కడున్నాయో అక్కడ పనిచేసిన హమాలీలకి తెలుసు, వాళ్ళని పిలవకుండా లోపల అడుగు పెట్టకండి. (పాములు అదనం.)

మొత్తం ఒకేసారి బాగుచేయాలని అప్పు చేయొద్దు. ఒక షెడ్డు, నీళ్ళు, ఆడవాళ్ళకి మగవాళ్ళకి వేరువేరుగా మరుగుదొడ్లు, ఇవైతే తెరిచేయండి. రోడ్డు వైపు రెండు గదులు టైలర్‌కో టీ కొట్టుకో అద్దెకిస్తే కరెంటు బిల్లుకీ వాచ్‌మన్ జీతానికీ కాస్త ఆసరా. రెండో షెడ్డు దేనికన్నది మొదటిదానికి వచ్చేవాళ్ళే చెప్తారు.