కడ్డీ మొన మెట్ల వైపు

మా నల్లకుంట అపార్ట్‌మెంట్‌లో చీకటి పడితే షార్ట్‌వేవ్ రేడియోలో దూరదేశాల స్టేషన్ల కంటే ముందు మెట్ల మీది ఎల్‌ఈడీ దీపాలే పలుకుతాయి. ఒకటే రొద. ఏరియల్‌గా డాబా మీద ఇరవై అడుగుల తీగ కట్టి చూశాను. స్టేషన్‌తో పాటు రొద కూడా అంతే పెరిగింది. అప్పుడు ఫెర్రైట్ కడ్డీ గుర్తొచ్చింది, అంటే ట్రాన్సిస్టర్ లోపల తీగ చుట్టి ఏరియల్‌గా వాడే నల్లటి కడ్డీ. దాని మొన రొద పుట్టే చోటికి గురి పెడితే ఆ రొద చాలా వరకు అణిగిపోతుంది. దూరపు స్టేషన్లు ఆకాశం మీది నుంచి వంగి దిగుతాయి కాబట్టి అంతగా పోవు.

మొదటి కడ్డీ పాడైన ట్రాన్సిస్టర్ నుంచి ఊడదీశాను. దానితో రెండు ఆదివారాలు పోయాయి. మీడియం వేవ్ కోసం చేసిన కడ్డీలు చాలా మటుకు షార్ట్‌వేవ్ సిగ్నల్‌ను మింగేస్తాయి. మనకు కావలసింది నికెల్-జింక్ రకం, 61 నంబరు పదార్థం, పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి పోగుచేసే గుణం) 125. కోఠి గుజరాతీ గల్లీలో నంబరు చెప్పి అడగండి. రంగు చూసి కొనకండి, అన్నీ నల్లగానే ఉంటాయి.

అర అంగుళం మందం, నాలుగు అంగుళాల పొడవు ఉన్న కడ్డీకి శుభలేఖ అట్టను గొట్టంలా చుట్టండి, అటూ ఇటూ జరిగేలా. దాని మీద 22 గేజి ఎనామిల్ తీగ ఎనిమిది చుట్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య తీగ మందమంత ఖాళీ. రెండు కొసలకూ 270 పికోఫారడ్ గ్యాంగ్ కండెన్సర్, అంటే కాడ తిప్పి స్టేషన్‌కు ట్యూన్ చేసేది. సుమారు 6 మెగాహెర్ట్జ్ నుంచి 12 దాటే దాకా అందుతుంది. అంటే 49, 31, 25 మీటర్ల బ్యాండ్లు మూడూ. పై కొస అందకపోతే గొట్టాన్ని కడ్డీ చివరికి జరపండి. పక్కనే విడిగా రెండు చుట్లు వేసి, ఆ కొసలను రేడియో ఏరియల్ సాకెట్‌కు ఇవ్వండి. సాకెట్ లేకపోతే ఒకటి ఏరియల్ పుల్లకు, రెండోది ఇయర్‌ఫోన్ జాక్ బయటి లోహానికి. పుల్లను పూర్తిగా ముడిచేయండి, లేకపోతే అదే రొదను లాగుతుంది.

వేలు దగ్గరికి రాగానే ట్యూనింగ్ జారిపోతుంది. అందుకే గ్యాంగ్ కాడకు పాత బాల్‌పెన్ గొట్టం అంటించాను.

పరీక్షకు 10 మెగాహెర్ట్జ్ మంచిది. చైనాలోని పుచెంగ్ నుంచి సమయం చెప్పే స్టేషన్ అక్కడ సెకనుకో టిక్కు పంపుతుంది. గ్యాంగ్‌ను మెల్లగా తిప్పితే ఒకచోట గాలిహోరు పాలు పొంగినట్టు పైకి లేస్తుంది. అక్కడ ఆపి, ఇనుప బీరువాకు దూరంగా కడ్డీని అడ్డంగా పట్టుకుని తిప్పండి. కొంచెం పైకీ కిందకీ కూడా వంచి చూడండి. మా ఇంట్లో మొన సరిగ్గా మెట్ల వైపు తిరగగానే రొద కూలిపోయి, దాని అడుగున టిక్కు తేలింది.

ఇది నా నాలుగో కడ్డీ. మూడోదాన్ని మనవడు గచ్చు మీద పడేశాడు, రెండు ముక్కలు.