గాజులో స్ఫటికం గీద్దాం – 4వ పాఠం: విత్తనం, వేగం

ఫెమ్టోసెకండ్ లేజర్ (అతి కొద్దిసేపే ఉండే మెరుపులుగా కాంతిని కొట్టే లేజర్) కాంతి గాజు పైభాగాన్ని వదిలేసి, లోపల ఒక్క బిందువు దగ్గరే వేడి ఎందుకు పుట్టిస్తుందో పోయిన పాఠంలో చూశాం. ఇవాళ ఆ వేడి బిందువును కదిపి, అది వెళ్లిన దారిలో గాజును స్ఫటికపు గీతగా, అంటే అణువులు వరుసగా అమరిన గీతగా మార్చాలి. ఈ వరుసలో అసలు పాఠం ఇదేనని నా అభిప్రాయం. ఎంత ఖరీదైన లేజర్ ఉన్నా, వేగం కుదరకపోతే గాజులో మిగిలేది పొడిపొడిగా ఉన్న చార.

మన నమూనా లాంథనం బోరోజెర్మనేట్ గాజు, అంటే లాంథనం, బోరాన్, జెర్మేనియం ఆక్సైడ్లతో చేసిన గాజు. సుమారు 670 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది మెత్తబడటం మొదలవుతుంది. 1,200 చుట్టుపక్కలకు వెళ్తే స్ఫటికం కూడా కరిగిపోతుంది. స్ఫటికం పుట్టడం, పెరగడం అంతా ఈ రెండు అంకెల మధ్యే. విజయవాడ–గుంటూరు దారిలో ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో గాజుల మీద పరిశోధన చాలా ఏళ్లుగా ఉంది. అక్కడ ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేవాళ్లు తెలిసుంటే ఒక డీటీఏ గ్రాఫ్ (నమూనాను వేడిచేస్తూ పోతే అది ఏ ఉష్ణోగ్రత దగ్గర వేడిని పీల్చుకుంటుందో, వదులుతుందో చూపే గీత) అడిగి చూడండి. ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే మొదట వచ్చే చిన్న దిగుడు గాజు మెత్తబడే చోటు. తర్వాత లేచే శిఖరం స్ఫటికం కట్టే చోటు. చివర్లో గొయ్యిలా దిగేది కరిగే చోటు. కొందరు గ్రాఫును తలకిందులుగా గీస్తారు, అందుకే ముందు నిలువు గీత పక్కన ఏం రాశారో చదవండి.

ఇక విత్తనం, అంటే బీజం: స్ఫటికం మొదలయ్యే తొలి చిన్న పలుకు. బీజాలు ఎక్కువగా పుట్టే ఉష్ణోగ్రత, అవి వేగంగా పెరిగే ఉష్ణోగ్రత ఒకటి కావు. మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ. లేజర్‌ను ఒకేచోట నిలిపితే నడిమధ్య మరీ వేడెక్కి ద్రవమవుతుంది. దాని చుట్టూ ఉన్న వలయంలో మాత్రం వేడి సరిపడా ఉంటుంది, బీజాలు అక్కడ పుడతాయి. నాలుగైదు ఒకేసారి పుట్టినా టెన్షన్ పడొద్దు. కదలిక మొదలయ్యాక, ఆ దిశలో త్వరగా పెరిగే స్ఫటికం మిగతావాటికి దారి లేకుండా చేస్తుంది. విత్తనం పడకముందే కదిపితే మాత్రం కరిగి మళ్లీ గడ్డకట్టిన గాజు గీతే వస్తుంది.

వేగానికి సూత్రం చిన్నది: స్ఫటికం పెరిగే వేగాన్ని లేజర్ దాటకూడదు. దాటితే వేడి ముందుకు పోతుంది, స్ఫటికం అంచు చల్లబడి ఆగిపోతుంది. తర్వాత కొత్త బీజాలు పుట్టి గీత ముక్కలు ముక్కలవుతుంది. సెకనుకు 20 మైక్రోమీటర్ల (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేగం అనుకుని లెక్క వేద్దాం. ఒక మిల్లీమీటరుకు 50 సెకన్లు, ఒక సెంటీమీటరుకు ఎనిమిది నిమిషాల పైనే. లేజర్ సెకనుకు 2,50,000 స్పందనలు (కాంతి మెరుపులు) కొడుతుంటే, ఒక్కో మైక్రోమీటరు మీద 12,500 పడతాయి. రెండు స్పందనల మధ్య ఎడం 4 మైక్రోసెకన్లే కాబట్టి పూర్తిగా చల్లారే వ్యవధి ఉండదు, వేడి పోగుపడుతుంది. అదే సెకనుకు వెయ్యి స్పందనలైతే మధ్యలో ఒక మిల్లీసెకను దొరుకుతుంది. గాజు ప్రతిసారీ చల్లారిపోతుంది, స్ఫటికం ఊసే ఉండదు.

ఇంకో చిక్కు, పగుళ్లు. గీసేచోట మాత్రమే అంత వేడి, పక్కనంతా చల్లగా ఉంటే గాజు చిట్లుతుంది. అందుకే నమూనా మొత్తాన్ని 500 డిగ్రీల దాకా వేడిచేసి ఉంచి గీస్తారు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయం, జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి ఈ గాజులోనే ఏకస్ఫటిక గీతలు (మొత్తం ఒకే స్ఫటికంగా ఉన్న గీతలు) గీసి, వాటి గుండా కాంతిని నడిపించి 2015లో ప్రచురించారు.

ఇంట్లో చేయాల్సిన అభ్యాసం: స్ఫటికాన్ని, గాజును వేరుగా గుర్తుపట్టడం. ఈ లేజర్ మన చేతికి రాదు, వచ్చినా ఇంట్లో వాడకూడదు. కంటికి కనపడని కాంతి కంటినే పోగొడుతుంది. అయినా పరీక్ష నేర్చుకోవచ్చు. ఎల్‌సీడీ ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరవండి. పోలరైజర్ షీటు (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పలుచని రేకు) ముక్క తెచ్చుకోండి. టీవీ, మొబైల్ రిపేరు షాపుల్లో అడిగితే దొరకొచ్చు. దాన్ని కంటి ముందు పెట్టి, తెర నల్లబడేదాకా తిప్పండి. ఇప్పుడు తెరకూ షీటుకూ మధ్య పటికబెల్లం పలుకు పెట్టి నెమ్మదిగా తిప్పండి. నల్లటి తెర మీద అది మెరుస్తుంది, మళ్లీ ఆరుతుంది. తర్వాత పాకం ముదరబెట్టి పోసిన పారదర్శకమైన చక్కెర బిళ్ల పెట్టండి. ఇది ఇంచుమించు నల్లగానే ఉంటుంది. రెండూ పంచదారే, కానీ బిళ్లలో అణువులకు వరుస లేదు, కాబట్టి అది గాజు. పాకంలో నిమ్మరసం పిండేది కూడా ఆ వరుస కుదరకుండా చేయడానికే.

రెండు జాగ్రత్తలు. కల్లుప్పు, పటిక స్ఫటికాలే అయినా ఈ పరీక్షలో మెరవవు, ఎందుకంటే వాటి అమరిక అన్ని దిక్కులకూ ఒకేలా ఉంటుంది. ఒత్తిడిలో ఉన్న గాజు స్ఫటికం కాకపోయినా మెరుస్తుంది. 

వచ్చే పాఠానికి ముందు ఆలోచించాల్సిన ప్రశ్న: లేజర్ గీతను ఎడమకు వంచితే, లోపలి అణువుల వరుస కూడా దానితోపాటు వంగుతుందా, లేక పాత దిక్కునే పట్టుకుని ఉంటుందా?