పాత ఫైబర్ బోటుకు కొత్త అవుట్‌బోర్డ్ ఇంజిన్ ఎంచుకోవడం ఎలా

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధ కాలం అవుట్‌బోర్డ్ ఇంజిన్ (బోటుకు బయటి నుంచి బిగించేది) మార్చుకోవడానికి అనువైన సమయం. అయితే ఎక్కువమంది నేరుగా దుకాణానికి వెళ్లి, పక్క బోటువారు ఎన్ని హార్స్‌పవర్లది బిగించారో అంతకంటే కొంచెం పెద్దది అడుగుతారు. కొత్త బోటు విషయంలో అది కొంతవరకు చెల్లుతుందేమో కాని, పదిహేనేళ్లు ఉప్పునీటిలో నానిన బోటు విషయంలో చెల్లదు. ఆ బోటు ఎంత బరువు మోయగలదో, దాని అడుగు ఎంత వేగానికి తయారైందో ముందుగా తేల్చుకొని, ఆ తరువాతే ఇంజిన్ ధర అడగాలి.

మొదట చూడవలసినది ట్రాన్సమ్, అంటే ఇంజిన్‌ను బిగించే వెనుక పలక. చాలా ఫైబర్ బోట్లలో ఈ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి, పైన ఫైబర్ నిగనిగలాడుతున్నా లోపల చెక్క మెత్తబడిపోతుంది. చిన్న సుత్తితో పలకంతా తట్టి చూడండి. గట్టి చోట స్పష్టమైన ఠంగుమనే శబ్దం వస్తుంది, కుళ్లిన చోట మొద్దుగా మోగుతుంది. పాత ఇంజిన్ ఇంకా బోటుకే ఉంటే దాని కింది భాగాన్ని పట్టుకొని పైకీ కిందికీ ఊపి, ఆ ఊపుకు పలక కదులుతున్నదేమో గమనించాలి. అనుమానం తీరకపోతే లోపలి వైపు నుంచి సన్నని రంధ్రం వేసి, డ్రిల్లుకు వచ్చిన పొట్టును పరిశీలించవచ్చు: పొడిగా, లేత రంగులో ఉంటే చెక్క బాగున్నట్లు, నల్లగా తడిగా ఉంటే పలకను విప్పి కొత్త చెక్కతో, రెజిన్‌తో తిరిగి కట్టించక తప్పదు. ఆ ఖర్చుకు వెనుకాడి మెత్తని పలకకే కొత్త ఇంజిన్ బిగిస్తే, కెరటాలు దాటేటప్పుడు ఆ ఇంజిన్ పలకతో సహా సముద్రంలో పడే ప్రమాదం ఉన్నది.

రెండు కొనలూ కోసుగా ఉండే నావలకు, ఇంతకాలం పొడవాటి షాఫ్టు గల డీజిల్ ఇంజిన్‌తో నడిచిన తెప్పలకు అసలు ఇటువంటి పలకే ఉండకపోవచ్చు. అటువంటి వాటికి పక్క బ్రాకెట్ గాని, ఇంజిన్ దిగేలా బోటులో కట్టిన గూడు గాని అవసరమవుతుంది కనుక, బోటు కట్టే మేస్త్రీతో ముందే మాట్లాడి ఆ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి.

తరువాత షాఫ్టు పొడవు, అంటే ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్ వరకు కిందికి దిగే కాడ పొడవు. ఇంజిన్ కూర్చునే అంచు నుంచి, పలక మధ్య గీత వెంబడి, బోటు అడుగు వరకు నిలువుగా కొలవండి. సుమారు 15 అంగుళాలు వస్తే పొట్టి షాఫ్టు, 20 వస్తే పొడవు షాఫ్టు, 25 వస్తే అతి పొడవు షాఫ్టు సరిపోతుంది. ప్రొపెల్లర్‌కు పైన ఉండే అడ్డ రేకు బోటు అడుగుకు సమంగా గాని, ఒక అంగుళం కిందికి గాని ఉండాలి. మరీ పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలిని పీల్చి ఖాళీగా తిరుగుతుంది. మరీ కిందికి ఉంటే నీటిలో ఈడ్పు పెరిగి ఇంధనం వృథా అవుతుంది.

బరువు విషయాన్ని చాలామంది మరచిపోతారు. పాత బోట్లు ఎక్కువగా రెండు స్ట్రోకుల ఇంజిన్లను దృష్టిలో పెట్టుకొని కట్టినవి. 40 హార్స్‌పవర్ తరగతిలో రెండు స్ట్రోకుల ఇంజిన్ సుమారు 70 కిలోల పైచిలుకు తూగితే, నాలుగు స్ట్రోకులది 95 కిలోల పైబడుతుంది. సెల్ఫ్ స్టార్ట్ ఉంటే బ్యాటరీ బరువు అదనం. కొనకముందే ఆ తేడా బరువుకు సరిపడా ఇసుక బస్తాలను వెనుక భాగంలో ఉంచి, వలలు, ఐసు, మనుషులతో సహా బోటును నీటిలో నిలిపి చూడండి. నీరు బయటికి పోయే రంధ్రాలు నీటి మట్టం కిందికి దిగితే ఆ ఇంజిన్ ఆ బోటుకు తగదు. ప్రతిరోజూ ఇంజిన్‌ను విప్పి ఇసుకలో మోసుకుపోయే రేవుల్లో ఇద్దరు మోయగలిగే బరువే అసలు హద్దు.

ఇక హార్స్‌పవర్. నీటిని చీల్చుకుంటూ పోయే అడుగు గల బోటుకు సహజమైన వేగ పరిమితి ఒకటి ఉంటుంది: నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగం నాట్లలో వస్తుంది. 25 అడుగులకు అది 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైన కొంచెం. ఆ వేగం చేరాక ఎంత శక్తి పెంచినా ఎక్కువ భాగం అలలు లేపడానికే పోతుంది. కెరటాలు దాటడానికీ, ఎదురుగాలిలో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) నుంచి బయటపడటానికీ కొంత అదనపు శక్తి ఉండవలసిందే, కాని రెట్టింపు అక్కరలేదు. బరువైన బోటుకు పెద్ద ఇంజిన్ కంటే ఎక్కువ గేరు నిష్పత్తి, పెద్ద వ్యాసం, తక్కువ పిచ్ (ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు సాగే దూరం) గల ప్రొపెల్లర్ ఉన్న ఇంజిన్ మేలని నా అభిప్రాయం. నీటి మీద లేచి పరుగెత్తే చదునైన అడుగు గల బోట్లకు ఈ లెక్క వర్తించదు. వాటికి తయారీదారు చెప్పిన గరిష్ఠ హార్స్‌పవర్‌ను మించకపోతే చాలు.

ప్రొపెల్లర్ సరిపోయిందో లేదో ఖాళీ బోటుతో తేలదు. వేటకు వెళ్లేటప్పటి బరువంతా ఎక్కించి, పూర్తి థ్రాటిల్ ఇచ్చి, ఇంజిన్ పుస్తకంలో చెప్పిన ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పరిధికి చేరుతున్నదో లేదో చూడాలి. చేరకపోతే పిచ్ తగ్గించాలి, దాటిపోతే పెంచాలి. పిచ్‌లో ఒక అంగుళం తేడాకు సుమారు 200 ఆర్పీఎం మారుతుంది. తక్కువ ఆర్పీఎం వద్దే ఇంజిన్ గుంజుకుంటూ నడవడం, పైకి తెలియకపోయినా, దాని ఆయుష్షును తినేస్తుంది.

ఇంధనానికి వస్తే, నాలుగు స్ట్రోకుల పెట్రోల్ ఇంజిన్ పూర్తి థ్రాటిల్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.3 నుంచి 0.4 లీటరు తాగుతుంది. అంటే 10 హార్స్‌పవర్లకు 3 నుంచి 4 లీటర్లు. కార్బ్యురేటర్‌తో నడిచే రెండు స్ట్రోకులది అంతకంటే ఎక్కువే తాగుతుంది, పైగా నూనె కలపాలి: 50:1 పాళ్లలోనైతే లీటరుకు 20 మిల్లీలీటర్లు. కాని దాన్ని రేవులోనే విప్పి బాగుచేసే మెకానిక్ సులువుగా దొరుకుతాడు. కేరళ తీరంలో పెట్రోల్‌తో మొదలుపెట్టి కిరోసిన్‌తో నడిపే ఇంజిన్లు విరివిగా ఉన్నా, కిరోసిన్ నిలకడగా దొరకని చోట వాటి జోలికి పోకపోవడమే మంచిది. డీజిల్ నుంచి పెట్రోల్‌కు మారేవారు డీజిల్‌పై ఇచ్చే రాయితీ తమకు ఏమవుతుందో మత్స్యశాఖ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందువల్ల పాత రబ్బరు గొట్టాలను మార్చి, నీటిని వేరుచేసే ఫిల్టరు తప్పనిసరిగా పెట్టించాలి. నిషేధ కాలమంతా ట్యాంకులో పెట్రోల్ నిల్వ ఉంచకూడదు.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనేటట్లయితే సిలిండర్లన్నింటిలో కంప్రెషన్ (పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) కొలిపించండి. వాటి మధ్య తేడా పది శాతం దాటితే వదిలేయడమే మేలు. కింది గేర్ బాక్సు నూనె పాలలా తెల్లగా ఉంటే నీరు చేరిందని అర్థం. కొత్తదైనా, పాతదైనా, ఇంపెల్లర్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు చక్రం), ప్లగ్గులు, ప్రొపెల్లర్ పిన్నులు ఒక్క రోజులో తెప్పించుకోగల దూరంలో దొరికే కంపెనీనే ఎంచుకోండి. వేట సాగే రోజుల్లో విడిభాగం కోసం వారం ఎదురుచూస్తే, ఇంజిన్ ధరలో మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది.

బిగించేటప్పుడు బిగింపు స్క్రూలను మాత్రమే నమ్ముకోకుండా స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు పలక గుండా వేసి, ప్రతి రంధ్రాన్నీ సీలెంట్‌తో నింపాలి. బోటు రిజిస్ట్రేషన్‌లో ఇంజిన్ వివరాలు ఉంటాయి కనుక కొత్త ఇంజిన్ నంబరును వెంటనే నమోదు చేయించుకోవాలి. మొదటి పది గంటలు పూర్తి థ్రాటిల్‌లో ఏకబిగిన నడపకుండా, నాలుగు స్ట్రోకులదైతే 20 గంటలకు తొలి నూనె మార్పిడి చేయించి, ఆ పూటే బోల్టులన్నింటినీ మరొకసారి బిగించాలి.