పేటెంట్ అప్పీలు చదవడం – 4వ పాఠం: శాతం మారిస్తే సరిపోతుందా?

పోయిన పాఠంలో పాత పత్రాల్లోంచి మన ఫార్ములాకి బాగా దగ్గరిదాన్ని ఏరడం చూశాం. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్లు తడబడేది దాని తర్వాతి మెట్టు దగ్గర. "మా శాతం వేరు కదా సార్, కొత్తదే కదా" అంటారు. కొత్తదే. కానీ ఆ పని తెలిసినవాడికి మామూలుగా తట్టేదేనా అన్నది వేరే ప్రశ్న. 1970 పేటెంట్ చట్టంలోని 2(1)(జెఏ) అడిగేది దాన్నే.

తాండ్రతో చూద్దాం. భీమాళి తాండ్ర తినని విజయనగరం మనిషి ఉండడు కదా! మామిడి గుజ్జులో 10 నుంచి 50 శాతం దాకా పంచదార వేయొచ్చని పాత పత్రంలో ఉందనుకోండి. (అంకెలు పాఠం కోసమే. వీటితో తాండ్ర పెట్టకండి.) ఒకాయన వచ్చి 30 శాతం నాది అన్నాడు. చాపల మీద పొరలు పరిచేవాళ్లు ఎవరైనా రుచి చూస్తూ, పాళ్లు మారుస్తూ అక్కడికి చేరతారు. ఇది ఆబ్వియస్, అంటే పని తెలిసినవాడికి మామూలుగా తట్టేదే. కానీ 30 దగ్గర మాత్రమే రెండు వానాకాలాలు బూజు పట్టకుండా నిలిచి, 25లోనూ 35లోనూ పడితే? అది ఎవరూ ఊహించని ఫలితం. అప్పుడు వాదించడానికి సరుకు ఉన్నట్టే.

అమెరికా కోర్టుల తీర్పులు మనల్ని కట్టడి చేయవు గానీ ఈ విషయంలో వాటి అంకెలు చదివితీరాలి. 1985 నాటి టైటానియం మెటల్స్ కేసులో క్లెయిమ్ (దరఖాస్తుదారు తనదని కోరేది) టైటానియంలో 0.8 శాతం నికెల్, 0.3 శాతం మాలిబ్డినం కలిపిన మిశ్రమలోహం. పాత రష్యన్ వ్యాసంలో ఉన్న మిశ్రమాల్లో ఒకటి 0.75, 0.25, ఇంకొకటి 0.94, 0.31. ఇంత దగ్గరగా ఉంటే గుణాలూ ఒకేలా ఉంటాయనే ఎవరైనా అనుకుంటారు, కాబట్టి ఆబ్వియస్ అంది కోర్టు. 2003 నాటి పీటర్సన్ కేసు ఇంకా పనికొస్తుంది. క్లెయిమ్ మిశ్రమలోహంలో 1 నుంచి 3 శాతం రీనియం అనే లోహం, పాతది 0 నుంచి 7. దరఖాస్తుదారు 2 శాతం దగ్గర బలం పెరిగిందని చూపించాడు. ఆ ఒక్క చోటి ఫలితం 1 నుంచి 3 దాకా మొత్తానికీ సరిపోదన్నారు.

అందుకే అప్పీలు చేతికి రాగానే నేను వాదన చదవను, ముందు ప్రయోగ ఫలితాల టేబుల్ వెతుకుతాను. పోల్చింది దేనితో? అన్నిటికన్నా దగ్గరి పాత నమూనాతోనా, లేక తేలిగ్గా ఓడిపోయేదాన్ని తెచ్చి పక్కన నిలబెట్టారా? ఈ రెండోది నేను చాలాసార్లు చూశాను.

దరఖాస్తు తిరస్కరిస్తూ కంట్రోలర్ (పేటెంట్ ఆఫీసు అధికారి) ఇచ్చిన ఆర్డర్‌నీ వదలొద్దు. పాత పత్రంలో ఏముంది, దరఖాస్తులో ఏముంది, మొదటిదాన్నుంచి రెండోదానికి నిపుణుడు ఎలా వెళ్తాడు, ఈ మూడూ చర్చించాలని 2022లో అగ్రిబోర్డ్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. మూడోది ఒక్క వాక్యంలో తేల్చేశారా, అప్పీలుకి అదే మంచి పాయింట్.

ఇంటిపని: పాతది 5 నుంచి 25 శాతం. క్లెయిమ్ 12 నుంచి 18. టేబుల్‌లో 15 దగ్గర ఒకే నమూనా, పోల్చింది 2 శాతంతో. ఇందులో రెండు లోపాలున్నాయి. పట్టుకోండి, జవాబు 5వ పాఠంలో.