ఎర్రమట్టిలో గ్లైఫోసేట్: రికవరీ ఎలా పెరిగిందంటే

ఎర్రమట్టిలో గ్లైఫోసేట్ అనే కలుపుమందు కలిపి, ఎల్‌సీ-ఎంఎస్‌లో (పదార్థాలను విడదీసి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పరికరం) చూస్తే సిగ్నల్ దాదాపు లేదు. అంటే కలిపినదాంట్లో తిరిగి దొరికే వంతు, రికవరీ, దాదాపు సున్నా. దాన్ని మట్టిలోంచి బయటికి తీయడానికి నీళ్లు, మెథనాల్, సోనికేషన్ (శబ్ద తరంగాలతో కుదపడం) ఏవీ పనిచేయలేదు. మట్టిలోని ఇనుము ఆక్సైడ్లకు గ్లైఫోసేట్‌లోని ఫాస్ఫోనేట్ భాగం గట్టిగా పట్టుకుంటుంది.

క్షారంతో వదిలింది. 2 గ్రాముల జల్లించిన మట్టికి ముందే ఐసోటోప్ స్టాండర్డ్ (నష్టాన్ని లెక్కగట్టడానికి, బరువైన ఐసోటోపులున్న గ్లైఫోసేట్) చేర్చి, 0.6 మోలార్ కాస్టిక్ పొటాష్ 10 మి.లీ. పోసి, గంటసేపు షేకర్‌లో పెట్టాను. ప్లాస్టిక్ ట్యూబే వాడండి, గాజుకూ అంటుకుంటుంది. సెంట్రిఫ్యూజ్ చేశాక పైకి తేలిన డికాక్షన్ రంగు ద్రవాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 9కి దించి, పీహెచ్ నిలిపే బోరేట్ బఫర్, గ్లైఫోసేట్‌కు అతుక్కునే ఎఫ్‌మాక్ క్లోరైడ్ కలిపి రాత్రంతా ఉంచాను. పీహెచ్ తప్పితే డెరివేటివ్ (ఎఫ్‌మాక్ అతుక్కున్న గ్లైఫోసేట్) సరిగా ఏర్పడదు. ఫార్మిక్ ఆమ్లం వేయగానే మట్టిలోంచి వచ్చిన హ్యూమిక్ ఆమ్లాలు గోధుమరంగు తునకలుగా దిగుతాయి. వడగట్టకపోతే కాలమ్ మూసుకుపోతుంది. పరికరాన్ని నెగటివ్ మోడ్‌లో (రుణావేశ అయాన్లు) పెట్టి, డెరివేటివ్ తాలూకు 390 ద్రవ్యరాశి అయాన్ విరిగి 168 ముక్క ఇవ్వడాన్ని చూశాను.

సేంద్రియ పదార్థం ఎక్కువున్న మట్టిలో అయనీకరణ (పరికరంలో అయాన్లుగా మారడం) తగ్గి సిగ్నల్ పడిపోవచ్చు. అక్కడ ఇదే సరిపోతుందని చెప్పలేను. పలుచన చేసి మళ్లీ చూడండి.