పికప్ ట్రక్కు సీటు కింద సబ్‌వూఫర్ అమర్చడం ఎలా?

బాస్ కోసం పెట్టే స్పీకరే సబ్‌వూఫర్. దాన్ని పెట్టడానికి కారుకైతే డిక్కీ ఉంటుంది. పికప్‌లో మనకు మిగిలేది వెనక సీటు కింద జానెడు, సీటు వీపుకూ క్యాబిన్ గోడకూ మధ్య బెత్తెడు. అంత ఇరుకులో గుండె అదిరే బాస్ వస్తుందా అంటే, వస్తుంది. అయితే పని మొదలుపెట్టాల్సింది స్పీకరుతో కాదు, అట్టముక్కలతో.

మొదటిసారి నేను తలకిందులుగా చేశాను. ముందు మోజుపడి 12 అంగుళాల స్పీకర్ కొన్నాను, దానికి సరిపోయే బాక్సు తయారు చేశాను, చివర్లో సీటు దించితే కొక్కెం పడలేదు. తేడా ఒక్క సెంటీమీటరు. దాని కోసం బాక్సు మొత్తం విప్పి మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

మొదట చోటు కొలవండి

వెనక సీటు పైకెత్తి, కింద ఉన్న జాకీ, పనిముట్లు బయటకు తీయండి. వాటికి వేరే చోటు ఇప్పుడే చూసుకోండి, లేకపోతే టైరు పంక్చరైన రోజు ఇల్లు గుర్తొస్తుంది. ఎత్తును ఒక్కచోట కొలిచి సరిపెట్టుకోవద్దు. నేల సమంగా ఉండదు, మధ్యలో ఉబ్బు ఉంటుంది. ఎవరినైనా సీటు మీద కూర్చోబెట్టి మరోసారి కొలవండి. మనిషి బరువుకు సీటు మెత్త ఎంత కిందికి దిగుతుందో అప్పుడు తెలుస్తుంది.

వెనక గోడకు గాలి బయటకు పోయే రంధ్రాలు ఉంటాయి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి వాటి గుండానే పోతుంది, అందుకే వాటికి బాక్సు అడ్డం రాకూడదు. సీటు బెల్టు బోల్టులు, సీటు కొక్కేలు కూడా చేతికి అందేలా ఉండాలి.

ఇప్పుడు అట్టతో అదే కొలతల్లో ఒక ఉత్తుత్తి బాక్సు చేసి, టేపు వేసి లోపల పెట్టండి. సీటు దించి రెండు రోజులు బండి నడపండి. ఎక్కేవాళ్ల కాళ్లు తగిలినా, సీటు ఎత్తుగా అనిపించినా ఇప్పుడే తెలుస్తుంది. అట్ట కోయడానికి కత్తెర చాలు.

లీటర్ల లెక్క

బాక్సు బయటి కొలతలు చూసి మోసపోవద్దు. 110 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 18 ఎత్తు ఉన్న బాక్సు బయటి నుంచి 59.4 లీటర్లు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసే) పలకతో చేస్తే లోపల మిగిలేది 40.4 లీటర్లే. దాదాపు మూడో వంతు పలకలే మింగేశాయి. ఇందులో మధ్యన గోడ కట్టి రెండు స్పీకర్లు పెడదామంటే, ఆ గోడ, స్పీకర్లు ఆక్రమించే చోటు తీసేస్తే ఒక్కో గదికి 18 లీటర్లు దక్కుతాయి. తక్కువ లోతు గల 10 అంగుళాల సబ్‌వూఫర్లు చాలావాటికి, మూసిన బాక్సులో, అది సరిపోయే కొలతే. ఏ మోడల్‌కు ఎంత కావాలో తయారీదారు ఇచ్చే పత్రంలో ఉంటుంది, కొనేముందు అది చదవండి.

ఇక్కడ ఒక పాత సూత్రం అడ్డొస్తుంది. కేఎల్‌హెచ్ అనే స్పీకర్ల సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన యాంటన్ హాఫ్‌మన్ పేరుతో దాన్ని చెబుతారు: చిన్న బాక్సు, లోతైన బాస్, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం, ఈ మూడింటిలో రెండే దక్కుతాయి. పికప్‌లో బాక్సు చిన్నదని ముందే తేలిపోయింది. లోతైన బాస్ వదులుకోలేం. కాబట్టి మూల్యం వాట్లలో చెల్లించాలి.

ఒక పెద్ద స్పీకరా, రెండు చిన్నవా?

నా ఓటు రెండు 10 అంగుళాల స్పీకర్లకే. స్పీకర్లో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి భాగమే కోన్. 12 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 480 నుంచి 500 చదరపు సెంటీమీటర్లు. రెండు 10 అంగుళాలవి కలిపితే 650 దాటుతుంది. పైగా ఒకే స్పీకరుకు వాట్లు రెట్టింపు చేస్తే మోత పెరిగేది 3 డెసిబెల్సే. దాంతోపాటు స్పీకర్లనూ రెట్టింపు చేస్తే 6 పెరుగుతాయి.

గొట్టం ఉండే పోర్టెడ్ బాక్సు ఎక్కువ మోత మోగుతుందన్నది నిజమే. అయితే దానికి చోటు చాలా ఎక్కువ కావాలి, అదే మన దగ్గర లేదు. మూసిన బాక్సుకు పికప్ క్యాబిన్ చేసే సాయం కూడా ఒకటుంది. 30 హెర్ట్జ్ (సెకనుకు 30 కంపనాల) శబ్ద తరంగం పొడవు 11 మీటర్లకు పైనే. అంత పొడవైన తరంగం చిన్న క్యాబిన్లో సాగలేదు, లోపలి గాలి మొత్తాన్ని ఒక్కసారిగా నొక్కి వదులుతుంది. దాంతో కింది స్వరాలు వాటంతటవే బలపడతాయి. ఇరుకు మనకు కలిసొచ్చేది ఈ ఒక్క విషయంలోనే.

వెనక తొట్టిలో పెడితే చోటే చోటు కదా అని అడిగేవారుంటారు. వాన, దుమ్ము సంగతి అటుంచి, బాస్‌లో సగం ఊరికి వినిపిస్తుంది, మీకు కాదు.

బాక్సు కట్టడం

స్పీకర్లు నేలవైపు చూసేలా పెట్టండి. పైకి పెడితే సీటు మెత్తకు తగులుతాయి, ముందుకు పెడితే కాళ్లు తన్నుతాయి. బాక్సుకు 5 సెంటీమీటర్ల పాదాలు బిగిస్తే కోన్ కదలడానికి చోటు దొరుకుతుంది. 18, 5 కలిపి 23 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా ఆ జానెడు.

అతుకులన్నిటికీ జిగురు, స్క్రూలు రెండూ వాడి, లోపలి అంచుల్లో సిలికాన్ పూయండి. స్పీకర్లు బిగించాక ఒక కోన్‌ను రెండు అరచేతులతో మెల్లగా నొక్కి వదలండి. బరువుగా, తీరిగ్గా పైకి వస్తే గాలి ఎక్కడా కారడం లేదు. ఒకదాన్ని నొక్కితే రెండోది కదిలిందంటే మధ్య గోడ సరిగా అతకలేదన్నమాట.

ఇంత బరువున్న బాక్సును వదులుగా పెట్టవద్దు, గట్టి బ్రేకు పడితే అది మీ వీపు మీదికే వస్తుంది. సీటు ఫ్రేముకు లోహపు పట్టీలతో బిగించండి. నేలకు రంధ్రం వేయక తప్పకపోతే ముందు బండి కిందకు దూరి చూడండి. బ్రేకు గొట్టం, ఇంధన గొట్టం అక్కడే పోతుంటాయి.

కరెంటు పని

అన్నిటికన్నా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి వెళ్లవద్దు.

స్పీకర్ కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో ఓముల్లో చెబుతారు. 4 ఓముల స్పీకర్లు రెండింటిని పారలల్‌గా, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే 2 ఓములు వస్తుంది. 2 ఓముల దగ్గర 600 వాట్ల ఆర్ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల శక్తి) ఇచ్చే, కరెంటు తక్కువ వృథా చేసే క్లాస్ డి రకం యాంప్లిఫయర్ తీసుకున్నామనుకుందాం. డబ్బా మీద అచ్చేసే మాక్స్ వాట్ల అంకెను నమ్మకండి, ఆర్ఎంఎస్ ఒక్కటే లెక్క. 80 శాతం సామర్థ్యంతో, 13.8 వోల్టుల దగ్గర అది లాగేది సుమారు 54 ఆంపియర్లు. దీనికి 4 గేజ్ మందం రాగి కేబుల్, 60 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే కేబుల్ చవకే, కానీ అంతే మందంలో అంత కరెంటు మోయదు.

ఫ్యూజును బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే పెట్టాలి. అది కాపాడేది యాంప్లిఫయర్‌ను కాదు, బండిని. కేబుల్ ఎక్కడైనా రాసుకుపోయి ఇనుముకు తగిలితే, ఫ్యూజు లేనిచోట మంటలే. ఇంజిన్ గోడ దాటే చోట రబ్బరు వలయం తప్పనిసరి. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, పెయింటు గీకి మెరిసే లోహానికి బిగించాలి. సీటు బెల్టు బోల్టును మాత్రం వాడవద్దు. పాట తెచ్చే ఆర్‌సీఏ వైరును కరెంటు కేబుల్‌కు ఎదుటి వైపు నుంచి లాగండి.

బాస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారితే కెపాసిటర్ కొనమని సలహాలు వస్తాయి. అది కాసేపు విద్యుత్తును నిలవ ఉంచుతుందే తప్ప పుట్టించదు. ముందు ఎర్త్ కనెక్షన్లు, బ్యాటరీ, ఆల్టర్నేటర్ చూడండి.

ట్యూనింగ్

యాంప్లిఫయర్ మీద ఉండే గెయిన్ అనేది వాల్యూమ్ బిరడా కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు యాంప్లిఫయర్‌ను సరిపెట్టేది. స్టీరియోలో బాస్ సున్నాలో, వాల్యూమ్ ముప్పావు వంతులో ఉంచి, స్పీకర్లు విప్పేసి, 50 హెర్ట్జ్ పరీక్ష స్వరం పెట్టండి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో ఉంచి యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు తగిలించి గెయిన్ పెంచుతూ పోండి. 600 వాట్లను 2 ఓములతో గుణించి వర్గమూలం తీస్తే 34.6. మీటరు ఆ అంకె చూపగానే ఆపేయండి.

కింది స్వరాలను మాత్రమే పోనిచ్చే లో పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచి, డ్రైవరు సీట్లో కూర్చుని, కోన్ కదిలే దిశను తిరగేసే ఫేజ్ స్విచ్‌ను అటూ ఇటూ మార్పించండి. బాస్ ఎటు నిండుగా వినిపిస్తే అటే ఉంచండి.

ఆఖరున మిగిలేది గలగలలు. 20 నుంచి 80 హెర్ట్జ్ వరకు స్వరాన్ని మెల్లగా పెంచుతూ, ఇంకొకరి చేత ప్యానెళ్లను అరచేత్తో నొక్కించండి. చెయ్యి పెట్టగానే చప్పుడు ఆగిన చోట అదురును ఆపే బ్యూటైల్ రబ్బరు షీటు అంటించండి. నా బండిలో 42 హెర్ట్జ్ దగ్గర మాత్రమే టకటకమని ఒక చప్పుడు వచ్చేది. తలుపులు విప్పాను, వెనక గోడ విప్పాను, రెండు సాయంత్రాలు పోయాయి. వాడని సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్ తొడుగుకు కొట్టుకుంటోంది. గోరంత ఫోం ముక్కతో ఆగిపోయింది.