కుంభకోణంలో చిక్కిన నేత గట్టెక్కుతారా? పదవీగండాన్ని లెక్కగట్టే పద్ధతి

కుంభకోణం బయటపడగానే అందరూ తప్పు ఎంత పెద్దదో చూస్తారు, జనం ఎంత కోపంగా ఉన్నారో చూస్తారు. పదవి ఉంటుందా ఊడుతుందా అనేది ఈ రెండింటితో తేలదు. 2016 చివర్లో దక్షిణ కొరియా అధ్యక్షురాలు పార్క్ గ్యున్‌హేకు గాలప్ కొరియా సర్వేలో మద్దతు 4 శాతానికి పడిపోయింది, ఆమె పదవి పోయింది. 2017లో బ్రెజిల్ అధ్యక్షుడు మిషెల్ తెమెర్‌కు మద్దతు దాదాపు అంతే, 5 శాతం. ఆయన మీద అవినీతి అభియోగాలు కూడా నమోదయ్యాయి. అయినా పదవీకాలం పూర్తి చేసుకునే వెళ్లారు. తేడా ఎక్కడుందంటే, దించే అధికారం ఉన్నవాళ్లకు పార్క్ బరువైపోయారు, తెమెర్ ఇంకా పనికొస్తున్నారు. కాబట్టి లెక్క ఆ దించగలిగే వాళ్ల దగ్గరే మొదలుపెట్టాలి.

ముందు ప్రశ్నను తేదీతో సహా కాగితం మీద రాసుకోండి. "ఉంటారా, పోతారా" అంటే ఎవరైనా ఎప్పటికో ఒకప్పటికి పోతారు. "ఫలానా తేదీకి ఇదే పదవిలో ఉంటారా" అని రాసుకోవాలి. రాజీనామా ప్రకటన, పదవి వీడటం కూడా ఒకటి కాదు. బ్రిటన్‌లో బోరిస్ జాన్సన్ 2022 జులై 7న ప్రకటించి సెప్టెంబరు 6న దిగారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1974 ఆగస్టు 8 రాత్రి ప్రకటించి మర్నాడు మధ్యాహ్నానికి మాజీ అయ్యారు.

దించే దారులు ఎన్ని?

ఆ దేశంలో నాయకుణ్ని దించడానికి ఉన్న దారులన్నీ రాయండి: సభలో అవిశ్వాసం, అభిశంసన, పార్టీ లోపలి ఓటు, అధిష్ఠానం ఆదేశం, కోర్టు తీర్పుతో అనర్హత. ప్రతి దారికీ ఎదురుగా ఎన్ని ఓట్లు కావాలో వేయండి. అమెరికాలో ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో అభిశంసిస్తుంది, దించాలంటే మాత్రం సెనేట్‌లో మూడింట రెండు వంతులు, అంటే 100 మందీ హాజరైతే 67 ఓట్లు కావాలి. దక్షిణ కొరియాలో 300 మంది సభలో 200 ఓట్లు, ఆపైన రాజ్యాంగ న్యాయస్థానంలో కనీసం 6గురు న్యాయమూర్తులు. స్పెయిన్‌లో అవిశ్వాస తీర్మానంలోనే తర్వాతి ప్రధాని పేరు ఉండాలి, 350లో 176 ఓట్లు రావాలి.

భారత్‌లో ఎక్కువమంది తప్పుగా వేసేది కోర్టు లెక్క. అరెస్టు వేరు, శిక్ష వేరు. 2024 మార్చి 21న అరెస్టయిన ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్ జైల్లో ఉంటూనే పదవిలో కొనసాగారు, బెయిలు మీద బయటికొచ్చాక సెప్టెంబరులో రాజీనామా చేశారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ కింద రెండేళ్లు, అంతకుమించి శిక్ష పడితే సభ్యత్వం పోతుంది. అప్పీలు చేసుకుంటే మూడు నెలల వెసులుబాటు ఉండేది, 2013 జులై 10న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందుకే 2014 సెప్టెంబరు 27న నాలుగేళ్ల శిక్ష పడగానే జయలలిత ముఖ్యమంత్రి పదవి పోయింది. ఛార్జిషీటు వార్త చూసి "ఇక అయిపోయింది" అనుకోకండి. తీర్పు తేదీ ఎప్పుడో కనుక్కోండి.

అంతరం కట్టడం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. కావాల్సిన ఓట్లలోంచి ప్రతిపక్షానికి ఉన్న ఓట్లు తీసేస్తే మిగిలేది అంతరం. స్వపక్షం నుంచో మిత్రపక్షం నుంచో అంతమంది గోడ దూకాలి.

కొరియాలో 200 కావాలి, ప్రతిపక్షం, స్వతంత్రులు కలిపి 172 మంది. అంతరం 28. 2016 డిసెంబరు 9న వచ్చినవి 234 ఓట్లు, అంటే పార్క్ సొంత పార్టీలో కనీసం 62 మంది ఆమెను వదిలేశారు. బిల్ క్లింటన్ విషయంలో 67 కావాలి, రిపబ్లికన్లు 55 మంది. అంతరం 12 మాత్రమే. 1999 ఫిబ్రవరి 12న ఒక అభియోగానికి 45, రెండోదానికి 50 ఓట్లు పడ్డాయి. డెమోక్రాట్లలో ఒక్కరూ కదల్లేదు, రిపబ్లికన్లే కొందరు జారిపోయారు. అంతరం చిన్నదైనంత మాత్రాన పూడుతుందని కాదు. దాన్ని పూడ్చాల్సిన వాళ్లకు అవసరం ఉందా అన్నది చూడాలి. అభిశంసన రోజుల్లో క్లింటన్‌కు గాలప్ సర్వేలో 73 శాతం మద్దతుంది, అలాంటి నాయకుణ్ని దించితే మళ్లీ ఓటడగాల్సిన సొంత సభ్యులకు నష్టమే.

మిత్రపక్షాలతో నడిచే ప్రభుత్వంలో అతి చిన్న పార్టీని వదలకండి. స్పెయిన్‌లో ప్రధాని మరియానో రహోయ్ 2018 మే 23న బడ్జెట్ గట్టెక్కించుకున్నారు, అందుకు తోడ్పడినవాళ్లలో 5 సీట్ల బాస్క్ జాతీయవాద పార్టీ ఉంది. మర్నాడే ఆయన పార్టీ అవినీతి కేసులో తీర్పు వచ్చింది. జూన్ 1న అవిశ్వాసం 180-169తో నెగ్గింది. ఆ 180లో బాస్క్ పార్టీ 5 ఓట్లున్నాయి. అవి తీసేస్తే 175, కావాల్సినదానికి ఒకటి తక్కువ.

ఓటు బహిరంగమా, రహస్యమా అన్నది కూడా పట్టికలో రాయాలి. 2017 ఆగస్టు 8న దక్షిణాఫ్రికాలో అధ్యక్షుడు జాకబ్ జుమాపై అవిశ్వాసానికి రహస్య ఓటింగ్ జరిగింది. ప్రతిపక్షాల బలం 151, తీర్మానానికి వచ్చినవి 177. సొంత పార్టీవాళ్లు కనీసం 26 మంది చాటుగా చెయ్యిచ్చారు. భారత్‌లో పరిస్థితి దీనికి తలకిందులు. ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. అందుకని సభలో ఓటు కన్నా అధిష్ఠానం ఫోను బరువు. 2011 జులైలో అక్రమ గనుల తవ్వకంపై లోకాయుక్త నివేదిక వచ్చాక కర్ణాటక ముఖ్యమంత్రి యడియూరప్ప రాజీనామా చేసింది పార్టీ అధినాయకత్వం చెప్పడం వల్లే, సభలో ఓడిపోయి కాదు. ఇలాంటి చోట ఎమ్మెల్యేల సంఖ్య లెక్కపెడుతూ కూర్చుంటే అసలు చోటు చూపు దాటిపోతుంది.

స్వపక్షం మాటలు చదవడం

15 నుంచి 20 పేర్లతో ఒక పట్టిక వేసుకోండి. ఎప్పుడూ తిట్టే అసమ్మతివాదులు వద్దు, ఏం జరిగినా పొగిడే వీరవిధేయులూ వద్దు. తక్కువ మెజారిటీతో గెలిచినవాళ్లు, ఇక పదవులు ఆశించని పెద్దలు, పార్టీకి నిధులు చూసేవాళ్లు, మిత్రపక్షాల అధ్యక్షులు కావాలి. ఒక్కొక్కరూ ఏ తేదీన సరిగ్గా ఏ మాట అన్నారో అలాగే రాయండి, మీ మాటల్లోకి మార్చొద్దు.

"ఇది పచ్చి అబద్ధం, మా నాయకుడు నిర్దోషి" అన్నవారు తమ పరువు కూడా అందులో పెట్టారు. ఇది అసలైన మద్దతు. "చట్టం తన పని తాను చేసుకుపోతుంది" అంటే వెనక్కి తగ్గే దారి ఉంచుకున్నట్టు. "నిజానిజాలు తేలాలి" అంటే నాయకుడు చెప్పింది నమ్మడం లేదు, ఆ సంగతి పైకి అనడం లేదు. "ఎవరికన్నా పార్టీ ప్రతిష్ఠే ముఖ్యం" అన్నారంటే మనిషిని పార్టీ నుంచి విడదీయడం మొదలైంది. "నిర్ణయం ఆయనే తీసుకోవాలి" అనడం మర్యాదగా రాజీనామా అడగడమే.

ఒక్క రోజు మాట చూసి తేల్చకండి. వారంలో ఎంతమంది ఒక మెట్టు దిగారో చూడండి. పట్టికలో మూడోవంతు మంది కిందికి జరిగి, ఒక్కరూ పైకి ఎక్కకపోతే మీ అంచనా మార్చాల్సిందే. మొదటి వారంలో మాత్రం "ఉంటారు" వైపే మొగ్గండి. దించాలంటే చాలామంది ఒకేసారి కదలాలి, కదలకుండా ఉండటానికి ఎవరూ ఏమీ చేయక్కర్లేదు.

సాక్ష్యం, ఖండన

ఆరోపణ ఒక మనిషి మాట మీద నిలబడితే నాయకుడికి సమయం దొరుకుతుంది. రికార్డింగు, సంతకం, బ్యాంకు కాగితం ఉంటే దొరకదు. 1974 జులైలో ప్రతినిధుల సభ న్యాయ కమిటీ నిక్సన్‌పై మొదటి అభియోగాన్ని 27-11తో ఆమోదించింది. వ్యతిరేకించిన 11 మందీ రిపబ్లికన్లే. ఆగస్టు 5న ఒక టేపు పాఠం బయటపడింది. వాటర్‌గేట్ భవనంలోని ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో దొంగతనం జరిగిన ఆరు రోజులకే, 1972 జూన్ 23న, ఎఫ్‌బీఐ దర్యాప్తును అడ్డుకోవడానికి ఆయన ఒప్పుకున్నట్టు అందులో ఉంది. అడ్డుగా నిలబడిన ఆ రిపబ్లికన్లు కూడా మనసు మార్చుకున్నారు. 7న పార్టీ పెద్దలు గోల్డ్‌వాటర్, స్కాట్, రోడ్స్ వెళ్లి సభల్లో ఓట్లు లేవని చెప్పారు.

ఇక్కడ అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిందొకటి ఉంది. నాయకుడు తాను అబద్ధమాడితే పార్టీ సహిస్తుంది, తమ చేత అబద్ధమాడిస్తే సహించదు. కరోనా నిబంధనలు ఉల్లంఘించి జరిమానా కట్టినా జాన్సన్ నిలిచారు. లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చిన ఆయన పార్టీ డిప్యూటీ చీఫ్ విప్ క్రిస్ పించర్ వ్యవహారంలో, పించర్‌పై పాత ఫిర్యాదు సంగతి ప్రధానికి తెలియదని మంత్రులు బయట చెప్పారు. తెలుసని 2022 జులై 5న విదేశాంగశాఖ మాజీ ఉన్నతాధికారి లేఖ రాశారు. ఆ సాయంత్రమే ఆర్థిక మంత్రి సునాక్, ఆరోగ్య మంత్రి జావిద్ వైదొలిగారు. కాబట్టి ఖండన వచ్చినప్పుడు దాన్ని ఎవరెవరు బయట వల్లించారో రాసిపెట్టుకోండి. అది తప్పని తేలితే ముందు తిరగబడేది వాళ్లే.

తర్వాత ఎవరు?

వారసుడి మీద ఏకాభిప్రాయం లేని పార్టీ చెడ్డ నాయకుణ్నైనా మోస్తుంది. జుమా ఓటింగుల్లో నిలిచారు, 2017 డిసెంబరులో రామఫోసా పార్టీ అధ్యక్షుడయ్యాక రెండు నెలలకే, 2018 ఫిబ్రవరి 14న దిగారు. వారసుణ్ని నాయకుడే నియమించుకోగలిగితే కథ వేరు. 1997 జులైలో లాలూ ప్రసాద్ దిగి రబ్రీదేవిని కూర్చోబెట్టారు. కుర్చీ మారింది, అధికారం మారలేదు. అలాంటి చోట రాజీనామా త్వరగానే వస్తుంది.

గెలిచిన ఓటును నమ్మొద్దు

బలనిరూపణలో నెగ్గగానే గండం గడిచిందనుకోవడం అతి సాధారణమైన పొరపాటు. అంకె చూడండి. 2022 జూన్ 6న జాన్సన్ 211-148తో నెగ్గారు. పార్టీ నియమం ప్రకారం మరో ఏడాది దాకా ఆ ఓటు పెట్టకూడదు, ఆయన నెల రోజులు నిలిచారు. పెరూలో అధ్యక్షుడు కుచిన్‌స్కీని దించడానికి 2017 డిసెంబరు 21న 87 ఓట్లు కావాల్సిన చోట 78 వచ్చాయి, మూడు నెలల తర్వాత ఓట్ల బేరం వీడియోలు బయటపడి రాజీనామా చేశారు. సొంత పార్టీలో మూడోవంతుకు మించి వ్యతిరేకించిన గెలుపును ఓటమికి దగ్గరగానే లెక్కించండి. ఇంకో ఆరోపణ వస్తే వాళ్లంతా అక్కడే ఉంటారు.

వీధి నిరసనలు, టీవీ చర్చలు పట్టికలోకి తీసుకోవాల్సింది ఒక్క షరతు మీదే: స్వపక్ష సభ్యుల సొంత నియోజకవర్గాల్లో జరిగితే. సర్వేల్లోనూ మొత్తం అంకె కన్నా ఆ పార్టీ ఓటర్లలో ఎంతమంది జారారో చూడండి.

చివరి దశను మంత్రి పదవుల దగ్గర పట్టొచ్చు. ఎంతమంది మానేశారన్నది ఒక లెక్క. ఖాళీ అయిన కుర్చీల్లో కూర్చోవడానికి ఎవరైనా వస్తున్నారా అన్నది అంతకన్నా కచ్చితమైన లెక్క. బ్రిటన్‌లో 2022 జులై 5న విద్యామంత్రిగా నియమితులైన మిషెల్ డోనెలన్ 7న రాజీనామా ఇచ్చారు. జాన్సన్ తన రాజీనామా ప్రకటించింది ఆ రోజే.